శాలువా వాపసు

గంగాధరరావుగారికి ఒక జబ్బు ఉండేది. ఎదుటి మనిషి పని శుభ్రంగా చేస్తూ కంటపడితే చాలు, ఆయనకు చేతులు దురద పెట్టేవి. ఆ మనిషిని నలుగురి ముందూ నిలబెట్టి శాలువా కప్పితే గాని ఆ దురద తీరేది కాదు. మామూలు మనుషులకు తుమ్ము వచ్చినట్టు ఆయనకు సన్మానం వచ్చేది. వచ్చిందంటే ఆపడం బ్రహ్మతరం కాదు.

విశాఖపట్నం హార్బరు పక్కన బార్జీలు, టగ్గులు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఆయన ఫోర్‌మన్. రాజోలు వైపు నుంచి కుర్రతనంలో వచ్చి అక్కడే జుట్టు నెరిపించుకున్నారు. కింద అరవై మంది పనివాళ్లు. వాళ్లకు జీతం పెంచే అధికారం ఆయనకు లేదు. ప్రమోషన్ ఇచ్చే అధికారం లేదు. ఆఖరికి ఒకడికి ఒంట్లో బాగోకపోతే ఒక పూట సెలవివ్వాలన్నా పైనుంచి కాగితం దిగాలి. ఆయన చేతిలో ఉన్నవల్లా రెండే, ఒక బిస్కట్టు రంగు శాలువా, ఒక నోరు. ఆ రెండింటినీ ఆయన విచ్చలవిడిగా వాడేవారు.

ఆ రెండింటి మధ్యా పడి నలిగినవాడు టైపిస్టు జ్ఞానదాసు.

సన్మానమంటే శాలువా ఒక్కటే అయితే దాసు కూడా సహించేవాడు. దానికి తోడు ఒక ప్రశంసాపత్రం ఉండాలి. అది తెలుగులో ఉండాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఉంటే పుచ్చుకున్నవాడు చదువుకోలేడు. అందులో ఒక బిరుదు ఉండాలి. బిరుదులో అక్షరాలు కలవాలి. ఆఫీసులో తెలుగు టైపు మిషను ఒకటే, అది కొట్టడం వచ్చినవాడు దాసు ఒక్కడే. పైగా ఫోర్‌మన్‌గారి దస్తూరీ చదవగలిగినవాడు కూడా భూప్రపంచంలో దాసు ఒక్కడే. ఆ దస్తూరీ కోడి కెలికినట్టుంటుందని అనేవారు గాని, అది కోళ్లకు అవమానం.

"దాసుగారూ! మన అబ్బులు ఏం చేశాడో తెలుసాండీ?"

"సార్, మూడు ఇండెంట్లు పెండింగులో ఉన్నాయి."

"ఇండెంట్లు ఎక్కడికి పోతాయండీ? అబ్బులు చేతిలోంచి బోల్టు జారి కింద పడింది. అటూ ఇటూ చూశాడు. ఎవడూ లేడు. కాలితో తన్నెయ్యొచ్చు కదా? వంగి, తీసి, గుడ్డతో తుడిచి మళ్లీ డబ్బాలో వేశాడండి. ఆయ్! స్తంభం వెనకనించి నా కళ్లారా చూశాను."

"అది అతని డ్యూటీ సార్."

"డ్యూటీ చేస్తున్నవాణ్ని చూసి మీకెన్నాళ్లయిందండీ? రాసుకోండి. 'బోల్టు భాస్కరుడు'. రెండూ బ లే."

"ఒకటి బ, ఇంకోటి భ సార్."

"ఒత్తు ఉంటే ఇంకా గౌరవం కదండీ."

ఇలాంటివాడితో ఏం వాదిస్తాం? దాసు "ప్రభువా" అనుకుని మిషనులో కాగితం ఎక్కించేవాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు యోబు ఓర్పు గురించి చెబుతున్నప్పుడల్లా, యోబు కష్టాలన్నీ పడ్డాడు గాని ఆయనకు ఫోర్‌మన్ లేడు కదా అనుకునేవాడు.

ఆ శాలువాకి ఒక రూలు ఉండేది. అది పుట్టింది మొట్టమొదటి సన్మానం నాడు, డెబ్బై రెండులో. దాసు ఉద్యోగంలో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. షాపు ఊడ్చే నారాయణమ్మ లేతు మిషన్ల కింద, ఎవరూ చూడని మూలల్లో కూడా ఇనపరజను తీసి పారబోస్తోందని గంగాధరరావుగారు కనిపెట్టారు. పూర్ణా మార్కెట్టుకి వెళ్లి సొంత డబ్బుతో శాలువా కొన్నారు. 'చీపురు చక్రవర్తిని' అని బిరుదు కట్టారు. టీ టైములో గంట కొట్టించి, అందరినీ పోగుచేసి, ఆవిడ భుజాల మీద శాలువా కప్పారు.

ఆ రోజుల్లో ఆ షాపులో శాలువాకి ఒకటే అర్థం. మనిషి రిటైరయ్యే నాడు శాలువా కప్పి, మెడలో దండ వేసి, గేటు దాకా సాగనంపుతారు. మర్నాటి నించి గేటు లోపలికి రానివ్వరు. పాపం ఈ సంగతి ఫోర్‌మన్‌గారికి తట్టలేదు. నారాయణమ్మకి తట్టింది.

"ఓలమ్మో! నానేటి తప్పు సేసినాను బాబూ? నాకింకా పదిహేనేళ్ల సర్వీసుంది!"

"తప్పు కాదమ్మా, మంచిపని చేశావనీ..."

"మంచిపని సేత్తే పంపించేత్తారేటి? ఈ గుడ్డ నాకొద్దు బాబూ, నా సీపురు నాకిచ్చీయండి!"

శాలువా తీసి ఆయన చేతిలో కుక్కి, చీపురు లాక్కుని, షాపు అవతలి చివరకి పరిగెత్తి అక్కడ ఊడవడం మొదలుపెట్టింది. ఎవరైనా దగ్గరికొస్తే ఇంకా గట్టిగా ఊడ్చేది. గంగాధరరావుగారు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నారు. ఆ తరవాత గొంతెత్తి, "నారాయణమ్మా! శాలువా వాపసు ఇచ్చేశావు కాబట్టి నీ ఉద్యోగం నీకుంది. ఆయ్!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ నమ్మడానికి మర్నాటి హాజరు పడేదాకా పట్టింది.

అంతే, అది చట్టమై కూర్చుంది. శాలువా వాపసు ఇస్తే ఉద్యోగం ఉన్నట్టు, ఇవ్వకపోతే పోయినట్టు. ఒకసారి ఒక వెల్డరు మరిచిపోయి శాలువాతో ఇంటికి వెళ్లిపోయాడు. తెల్లారి సైరను కూతకి గంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి, "దాసుబాబూ, ఇదిగో తెచ్చీసినాను, ఏగిరం రాసీయండి" అని తొందరపెట్టాడు. రాయడానికి ఒక రిజిస్టరు కూడా ఉండేది. తేదీ, పేరు, బిరుదు, శాలువా ఇచ్చిన సంతకం, పుచ్చుకున్న సంతకం, వాపసు చేసిన సంతకం, వాపసు తీసుకున్న సంతకం. ఆ రిజిస్టరు, శాలువా పెట్టిన రేకుపెట్టె, దాని తాళం, చాకలికి వెయ్యడం, తెప్పించడం అన్నీ ఎవరి నెత్తిన పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు.

దాసు ఒకసారి ఆ శాలువా కోసం సముద్రం మీదికి కూడా వెళ్లాడు. బొంబాయి కెప్టెను ఒకాయన, తన ఓడ తాలూకు పంపు రిపేరు మూడు రోజులు ఆలస్యమైందని మండిపడుతూ షాపుకి వచ్చాడు. అరిచాడు, కరిచాడు, టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. ఇంతా అయ్యాక ఆయాసం తీర్చుకోవడానికి కుర్చీలో కూలబడి, ఎల్లాజీ తెచ్చిన మంచినీళ్లు తాగి, "థాంక్యూ" అన్నాడు. ఎల్లాజీ ఆఫీసు ప్యూను. అంత కోపంలో కూడా ప్యూనుకి థాంక్స్ చెప్పినవాణ్ని గంగాధరరావుగారు అదివరకు చూడలేదు. ఇంకేముంది, తుమ్ము వచ్చేసింది. తెలుగు ముక్క రాని కెప్టెనుకి 'సహన సముద్రుడు' బిరుదిచ్చి శాలువా కప్పారు. కెప్టెను లేచి, సెల్యూట్ కొట్టి, శాలువాతో సహా ఓడకి వెళ్లిపోయాడు.

"దాసుగారూ, ఓడ సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోతుందిటండీ!"

"వెళ్లనివ్వండి సార్. ఇంకో శాలువా కొనుక్కుందాం."

"శాలువా సంగతి కాదండీ. వాపసు రాకపోతే పాపం ఆయన ఉద్యోగం ఏమవుద్ది? నలభై ఏళ్లు కూడా లేవు మనిషికి!"

ఆయన ఈ మాట నవ్వకుండా అన్నారు. అందుకే దాసుకి ఇంకా ఒళ్లు మండింది. లాంచీ ఎక్కి, తాళ్లనిచ్చెన పట్టుకుని ఓడ పైకి పాకి, కెప్టెను ముందు నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో, "మీ ఉద్యోగం మీకుండాలంటే శాలువా ఇచ్చెయ్యండి" అని చెప్పాడు. కెప్టెను దాన్ని బెదిరింపు అనుకున్నాడు. సంగతంతా విడమరిచి చెప్పేసరికి పొట్ట పట్టుకుని నవ్వి, రిజిస్టరులో సంతకం పెట్టి, దాసుకి ఒక బిస్కట్ల డబ్బా ఇచ్చి పంపించాడు. దిగేటప్పుడు దాసు కాలు జారి మోకాలు దోక్కుపోయింది. ఆ వారం అతని భార్య దీవెనమ్మ పసుపు పట్టు వేస్తూ రోజూ నవ్వింది.

దాసుకి అర్థంకానిదల్లా ఒకటే. ఈ శాలువా ఎలాగూ తిరిగిచ్చెయ్యాలి. కాగితానికి బజార్లో ఏ విలువా లేదు. అయినా పనివాళ్లు దానికోసం పడి చచ్చేవారు. అప్పలసూరి అనే పంపు ఫిట్టరుని రోడ్డుకవతల ప్రైవేటు కంట్రాక్టరు ఎక్కువ జీతమిస్తానని పిలిచాడు. అప్పలసూరి వెళ్లలేదు.

"ఎందుకెళ్లలేదయ్యా, బుద్ధుందా?" అని దాసు మందలించాడు.

వరస లేకపోయినా అప్పలసూరికి అందరూ బావలే. "ఆడు జీతమిత్తాడు గాని బావ, నాను సేసిన పని సూత్తాడేటి? ఈడ నాను 'పంపు పహిల్వాన్'ని. ఆడకెల్తే ఏడో నంబరు ఫిట్టర్ని. మా ఆడది ఆ కాయితం అద్దం కట్టించి గోడకి ఎట్టింది. మొన్న మా మరదలి సంబంధానికొచ్చినోల్లకి ముందు అదే సూపించినాం."

"సంబంధం కుదిరిందా?"

"కుదిరింది. పెల్లికొడుకు నాన్న మీ అచ్చరాలు ముత్యాల్నాగున్నాయన్నాడు."

ఆ మాట విన్న పూటంతా దాసు మనసు ఎక్కడో చిక్కుకుని ఉండిపోయింది. ఎందుకంటే అవి నిజంగానే ముత్యాల్లాంటి అక్షరాలు. టైపు చెయ్యడంలో దాసు తప్పు అన్నది ఎరగడు. చేరిన రోజున స్టోర్సు వాళ్లు ఇచ్చిన చెరిపే రబ్బరు ఇంకా నాలుగు మూలలూ అరగకుండా సొరుగులో పడి ఉంది. ఆ సంగతి ఆ షాపులో ఎవరైనా గమనించారా అంటే లేదు. స్తంభాల వెనక నక్కి బోల్టులు చూసే మనిషికి ఎదురుగా కూర్చున్న టైపిస్టు కనపడలేదు. పదకొండేళ్లలో ఒకడు 'గ్రీజు గంధర్వుడు' అయ్యాడు, ఇంకొకడు 'తాళాల తపస్వి' అయ్యాడు, గేటు దగ్గర జవాను 'సైరను సార్వభౌముడు' అయ్యాడు. దాసు మాత్రం దాసుగానే ఉండిపోయాడు.

చివరికి పిల్లి కూడా అయిపోయింది. స్టోర్సు గదిలో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. అది ఎలుకల్ని పట్టి రబ్బరు వాషర్లని అవి కొరికెయ్యకుండా కాపాడిందని గంగాధరరావుగారు దానికి 'మార్జాల మహావీర' బిరుదిచ్చారు. రిజిస్టరులో నూట తొంభై ఎనిమిదో నంబరు. వాపసు సంతకం చోట కాలిముద్ర వేయించారు. ఆ ముద్ర వేయించేటప్పుడు గీరింది దాసు చేతిని.

"పిల్లికి కూడా!" అన్నాడు దాసు ఆ సాయంత్రం కంచరపాలెంలో ఇంటికి వచ్చి, సైకిలు గోడకి పడేసి.

దీవెనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "పిల్లి పేరేటని రాసినారు?"

"నువ్వు నవ్వితే నాను అన్నం తినను."

"నాను నవ్వట్లేదు. అయితే నీకూ ఓటి కావాలేటి?"

"నాకెందుకా తుక్కు శాలువా? దానికి పిల్లి వెంట్రుకలు కూడా అంటుకున్నాయి."

దీవెనమ్మ మొగుణ్ని ఒకసారి ఎగాదిగా చూసి మళ్లీ రాళ్లేరుకుంది. కూతురు జయమణి పదో తరగతి పాసై, వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూటులో పొద్దుటి బ్యాచిలో చేరి నాలుగు రోజులైంది. నాన్న మొహం చూసి మాట మార్చింది.

"నానా, మా ఇన్‌స్టిట్యూట్‌కి తెలుగు మిషను మీదకి ఒక ముసలాయనొస్తాడు. ఒంటివేలుతో కొడతాడు. లోయరు పరీక్ష రెండుసార్లు తప్పాడంట. మొన్న ఒత్తు ఊడొచ్చేసింది, మాస్టారు గోడకుర్చీ ఏయిస్తానన్నారు."

"ఈ వయసులో టైపు నేర్చుకునేవాడు ఎవడో పిచ్చోడై ఉంటాడు" అన్నాడు దాసు. ఆ రోజుల్లో అతనికి పిచ్చివాళ్ల మీద అసలు జాలి ఉండేది కాదు.

జాలి లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆఫీసులో తన మిషను మీద ఎవరో చెయ్యి వేస్తున్నారు. పొద్దున్న వచ్చేసరికి రిబ్బను వెనక్కి తిరిగి ఉండేది. కాగితాలు తగ్గేవి. అక్షరాల కడ్డీలు ఒకదానిమీద ఒకటి ఎక్కి జడ అల్లుకుని ఉండేవి. ఒకనాడు పారేసిన కార్బను కాగితం వెలుతురుకి పెట్టి చూస్తే దాని నిండా ఒకటే అక్షరం, జ జ జ జ జ. ఇంత జ తో ఎవడికేం పని? అంతలో పై ఆఫీసు నుంచి, అరవైమంది ఉన్న షాపుకి ఇన్ని రిబ్బన్లు ఎందుకయ్యాయో సంజాయిషీ ఇమ్మని కాగితం వచ్చింది. ఆ సంజాయిషీ కూడా దాసే కొట్టాల్సి వచ్చింది.

"ఎల్లాజీ! పొద్దున్న తలుపు తీసేది నువ్వే కదా. నా మిషను ఎవరు ముట్టుకుంటన్నారు?"

"నాకేటి తెల్దు బాబూ" అన్నాడు ఎల్లాజీ, పైకప్పు రేకులు లెక్కపెడుతూ.

ఎనభై మూడులో ఉక్కు ప్రాజెక్టు ఆఫీసులో టైపిస్టులు కావాలని పేపర్లో పడింది. దాసు ఆ రోజే దరఖాస్తు కొట్టేశాడు. ఇంట్లో చెప్పేసరికి దీవెనమ్మ అడిగింది.

"జీతం ఎక్కువేటి?"

"ఈడిచ్చినంతే."

"దగ్గరేటి?"

"దువ్వాడ దాకా రైలు. ఆడనించి బస్సు."

"మరెందుకు?"

దాసు సైకిలు గొలుసుకి నూనె వెయ్యడం మొదలుపెట్టాడు. ఆవిడ అది చూసి, "ఆల్లకి కూడా శాలువా ఉంటాదో నేదో ముందు కనుక్కో" అంది. దాసుకి చచ్చేంత కోపం వచ్చింది. సరిగ్గా గురి తప్పకుండా తగిలింది కాబట్టి వచ్చిన కోపం అది. మంచి టైపిస్టువని ఒక్క మాట అనేవాడు లేని చోట మనిషి ఎన్నాళ్లు ఉంటాడు? కొత్తచోట కూడా అనకపోతే పోయె, వాళ్లు కనీసం పిల్లికి సన్మానం చెయ్యరు.

దరఖాస్తు ఫోర్‌మన్‌గారి సంతకంతో పైకి వెళ్లాలి. గంగాధరరావుగారు దాన్ని చాలాసేపు చదివారు. కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు.

"జీతం ఎక్కువాండీ?"

"కాదు సార్."

"ఇల్లు దగ్గరాండీ?"

"కాదు సార్."

మూడో ప్రశ్న ఆయన అడగలేదు. "శనివారం టీ టైముకి సంతకం పెట్టి ఇస్తానండి" అన్నారు.

"ఒక్క సంతకానికి నాలుగు రోజులెందుకు సార్?"

"పని ఉందండి. నాలుగు రోజులు కూడా చాలవేమో."

పిల్లికి గంటలో సన్మానం చేసినాయన, నా సంతకానికి నాలుగు రోజులు తీసుకుంటారా అని దాసు లోలోపల ఉడికిపోయాడు. ఆ నాలుగు రోజులూ ఒక్క ప్రశంసాపత్రం కూడా రాలేదు. మిషను మాత్రం రోజూ పొద్దున్నే కకావికలై కనపడింది. పోయేవాణ్ని, నాకెందుకులే అని దాసు ఊరుకున్నాడు.

శనివారం టీ టైముకి గంట మోగింది. దాసు ఆశ్చర్యపోయాడు. తను ఏ పత్రమూ కొట్టలేదు, మరి సన్మానం ఎవరికి? చేత్తో రాసి చదువుతారు కాబోలు, ఆయన దస్తూరీ ఆయనే చదువుకోలేక అవస్థ పడితే బాగుండు అనుకుంటూ, అలవాటు ప్రకారం రేకుపెట్టె పట్టుకుని వెళ్లాడు. అరవై మందీ లేతుల చుట్టూ నిలబడి ఉన్నారు. పిల్లి కూడా వచ్చింది.

"దాసుగారూ, శాలువా ఇటివ్వండి."

ఇచ్చాడు.

"ఇప్పుడు మీరు అటు తిరిగి నిలబడండి."

"ఎందుకు సార్?"

"నిలబడండీ, చెబుతాను."

శాలువా వచ్చి భుజాల మీద పడింది. పదకొండేళ్లు దాన్ని మడతపెట్టినవాడికి అది అంత బరువుంటుందని ఆ రోజే తెలిసింది. గంగాధరరావుగారు జేబులోంచి ఎనిమిది మడతల కాగితం తీసి, విప్పి, దాసు చేతిలో పెట్టారు. "మీరే చదవండి. ఇది అందరూ చదవగలరు గాని, మీరు చదవాలి." అది టైపు కొట్టిన కాగితం.

'శీ జ్ఞానదాసు గారికి. పదకొడు సవత్సరాలుగా ఈ షాపులో అదరి మంచీ మీ చేతి మీదుగానే కాగితం ఎకింది. మీ చేతిలో తపూ దొరలేదు. అదువల్ల మీకు "తపు తెలియని టైపిసు" అనే బిరుదు ఇసున్నాము. చితగించండి.'

దాసు పైకి చదివాడు. పైకి చదువుతున్నప్పుడు తప్పులన్నీ దిద్దుకుంటూనే చదివాడు, అది చేతి అలవాటు కాదు, రక్తంలో ఉన్న అలవాటు. చదవడం అయిపోయాక కూడా కాగితం కేసి చూస్తూ ఉండిపోయాడు. ఒంటివేలు. జ జ జ జ. లోయరు రెండుసార్లు తప్పిన ముసలాయన. ఎల్లాజీ కేసి చూస్తే ఎల్లాజీ మళ్లీ రేకులు లెక్కపెడుతున్నాడు.

"కంచరపాలెం ఇన్‌స్టిట్యూట్‌లో... పొద్దుటి బ్యాచి..."

"ఆయ్. మీ అమ్మాయి అని మొన్ననే తెలిసిందండి. మొహం దాచుకోలేక చచ్చాననుకోండి."

"ఎవరిచేతైనా కొట్టించొచ్చు కదా సార్!"

"అడిగానండి. నా దస్తూరీ చూసి ఆ మాస్టారు, ఇది ఏ భాష అన్నారు. అయినా పరాయివాడు కొడితే ఏం బాగుంటుందండీ? అందరి సన్మానాలూ మీ చేత్తో జరిగాయి. మీది మీ చేతే కొట్టిస్తే అది సన్మానమవుద్దా? వెట్టి అవుద్ది గాని."

"దీనికి పదకొండేళ్లా?"

"తొమ్మిదేళ్లు బిరుదు దొరకలేదండి. మీకు ఏదీ సరిపోలేదు. రెండేళ్లు 'జ్ఞ' దొరకలేదండి. దానికి జ కొట్టాలి, వెనక్కి జరపాలి, కింద ఒత్తు పెట్టాలి... మిగతా అక్షరాలు ఎలా పోయినా పేరు మాత్రం తప్పు పోకూడదని పట్టుపట్టాను."

దాసు మళ్లీ చూశాడు. నిజమే. ఒత్తులు ఎగిరిపోయాయి, సున్నలు రాలిపోయాయి. అతని పేరు ఒక్కటీ చెక్కుచెదరకుండా ఉంది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి పట్టుకుని, పైకి మాత్రం విసుక్కున్నాడు.

"ఇందులో పదకొండు తప్పులున్నాయి సార్."

"ఏడాదికొకటి అనుకోండి."

నవ్వులు సద్దుమణిగాక గంగాధరరావుగారు రెండో జేబులోంచి దరఖాస్తు తీశారు. సంతకం పెట్టి ఉంది. దానిమీద తేదీ మంగళవారంది. అంటే దాసు ఇచ్చిన రోజే పెట్టేశారు. అది కూడా అతని చేతిలో పెట్టి, "నేను ఆపనండి. మీ అంతటివాడు ఎక్కడికి వెళ్లినా వాళ్ల అదృష్టం. రూలు మీకు తెలిసిందే, రిజిస్టరు రాసేదే మీరు. వెళ్తే శాలువా మీదే. ఉంటే..." అని ఆగిపోయారు.

దాసు శాలువా తీశాడు. అంచులు చూశాడు. మధ్యకి మడిచాడు, మళ్లీ మడిచాడు. నాలుగో మడత దగ్గర ఆగి, దాన్నుంచి ఒక బూడిదరంగు వెంట్రుక తీసి పారేశాడు.

"ఇది చాకలికి వేసి రెండు నెలలైంది సార్. మీకిది పట్టదు, ఎవరికీ పట్టదు. నేను లేకపోతే ఈపాటికి దీన్ని ఎలుకలు కొట్టేసేవి" అని గొణుక్కుంటూ శాలువాని రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

అందరికన్నా ముందు అర్థమైంది నారాయణమ్మకి. "ఓలమ్మా! దాసుబాబు వాపసిచ్చీసినాడు! శాలువా వాపసిచ్చీసినాడు!" అని చీపురు గాల్లోకి ఎత్తి అరిచింది. అప్పలసూరి "బావా!" అని వచ్చి గ్రీజు చేతులతో కావలించుకున్నాడు. తెల్లచొక్కా పాడైంది.

రిజిస్టరులో రెండువందల పద్నాలుగో నంబరు ఎదురుగా శాలువా ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం, వాపసు చేసినవారి సంతకం, వాపసు తీసుకున్నవారి సంతకం నాలుగూ జ్ఞానదాసువే. ప్రశంసాపత్రం కంచరపాలెంలో గోడకి ఎక్కింది. జయమణి అద్దం కట్టించేముందు పెన్సిలు తీసి, "నానా, శ్రీ కి ఒక్క ఒత్తు పెట్టేద్దునా?" అంది.

"ఒక్కటి దిద్దినా చెయ్యి విరిచేస్తాను" అన్నాడు దాసు.

దీవెనమ్మ బియ్యంలో రాళ్లేరుకుంటూ, "తుక్కు కాయితానికి అద్దమెందుకో" అంది.

సోమవారం పొద్దున్న దాసు తన మిషనుని నూనె వేసి తుడిచి, రిబ్బను సరిచేసుకుంటుండగా గంగాధరరావుగారు చేతులు నలుపుకుంటూ వచ్చారు.

"దాసుగారూ, ఎలాగూ నేర్చుకున్నాను కదండీ. ఇకనించి మీకు శ్రమ లేకుండా పత్రాలు నేనే కొట్టేస్తే..."

"ముట్టుకోకండి సార్!" దాసు రెండు చేతులతో మిషనుని కప్పేశాడు.

"పోనీలెండి. అయితే ఇది రాసుకోండి. రెండేళ్లు తలుపు తీసి, కడుపులో మాట పైకి రానివ్వలేదండి మన ఎల్లాజీ. 'రహస్య రత్నం'. రెండూ ర లే. ఈసారి మీరు వంక పెట్టలేరు."

ఆయన అది రాసుకొచ్చిన కాగితం దాసు దరఖాస్తే. శనివారం సందడిలో దాసు లేతు మీద వదిలేసి పోయినది, వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని వాడేశారు. దాసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇటుపక్క తన ముత్యాల అక్షరాలు, అటుపక్క ఆయన కోడి గీతలు.

"సార్, మూడు ఇండెంట్లు పెండింగులో ఉన్నాయి."

"ఇండెంట్లు ఎక్కడికి పోతాయండీ?"

"ప్రభువా" అనుకుని, దాసు మిషనులో తెల్లకాగితం ఎక్కించాడు.